సుఖం ఎవరిది? యూదుల మాట, మన ధమ్మం మాట



బుద్ధుని దారిలోకి వచ్చిన మనల్ని చుట్టపక్కాలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమప్పా, మీ ధమ్మంలో అంతా దుఃఖం, దుఃఖం అంటారంట గదా. మరి సంతోషం యాడుంది?" చర్చికి పోయే చిన్నమ్మ క్రిస్మస్‌కు కొన్న కొత్తబట్టలు చూపిస్తుంది. జాతర చేసే మామ పొట్టేలును చూపిస్తాడు. మన పిల్లలు వాళ్ల దిక్కు చూసి, మన దిక్కు చూసి, "మనకు పండగేది?" అంటారు.

ఈ ప్రశ్నను చిన్నదని కొట్టెయ్యొద్దు. దుఃఖం సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పుట్టినప్పటి నుంచి తెలుసు. తెలియాల్సింది సుఖం సంగతే. ఏది సుఖం? అది డబ్బుతో వస్తుందా, మనసులో పుడుతుందా? ఒక్కడే సుఖపడటం కుదురుతుందా? పక్క వాడ ఆకలితో ఉంటే మన ఇంట్లో నవ్వు నవ్వేనా? ఇవి నీతికి సంబంధించిన ప్రశ్నలు. వీటికి మనం చెప్పుకునే జవాబును బట్టే మన ధమ్మం ఇంట్లో నిలబడుతుందో, గోడమీద పటంగా మిగులుతుందో తేలుతుంది.

ఒక్కోసారి మన ముఖం మనకు బాగా కనబడాలంటే పక్కవాళ్ల అద్దంలో చూసుకోవాలి. అందుకే ఈ చిన్న పుస్తకంలో యూదులు సంతోషం గురించి ఏమనుకున్నారో చూద్దాం. తర్వాత బుద్ధుడు, బాబాసాహెబ్ చెప్పినదానితో పోల్చి చూద్దాం.

గుంటూరు నేలమీద యూదులు

యూదులంటే ఎక్కడో ఇజ్రాయెల్‌లో ఉండేవాళ్లని అనుకుంటాం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుంటాయి. తమను 'బెనె ఎఫ్రాయిమ్' అని పిలుచుకుంటాయి. ఎఫ్రాయిము సంతతి అని దాని అర్థం. అంతకుముందు వాళ్లు బాప్టిస్టు క్రైస్తవులు. 1980ల చివరి నుంచి యూదుల పద్ధతులు పాటించడం మొదలుపెట్టారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. ఊళ్లో సొంత ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. ఇశ్రాయేలులో తప్పిపోయిన గోత్రాల్లో ఒకటి తమదని వాళ్ల నమ్మకం. తరతరాలుగా గొడ్డుమాంసం తినడాన్ని కూడా ఆ పాత వంశానికి గుర్తుగా చెప్తారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ల జీవితాన్ని దగ్గరగా చూసి రాసిన 'ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' అనే పుస్తకం 2013లో వచ్చింది.

దీన్ని విని నవ్వేవాళ్లున్నారు. "మాదిగోళ్లు యూదులెట్లా అవుతారు?" అని. మనం నవ్వకూడదు. బాబాసాహెబ్ 1948లో 'అంటరానివారు ఎవరు?' అన్న ప్రశ్న మీద ఒక పుస్తకమే రాశారు. మన పూర్వీకులు చెదిరిపోయిన తెగల మనుషులని, బౌద్ధాన్ని విడవలేదని, గొడ్డుమాంసం మానలేదని, అందుకే ఊరి బయటికి నెట్టబడ్డారని అందులో వాదించారు. ఏ గొడ్డుమాంసాన్ని చూపి మనల్ని నీచులన్నారో, ఆ గొడ్డుమాంసంలోనే ఒక గౌరవమైన గతాన్ని వెతికారు. కొత్తరెడ్డిపాలెం వాళ్లు చేసింది కూడా ఇట్లాంటి వెతుకులాటే. కులం పెట్టిన పేరు మాకొద్దు, మాకు వేరే చరిత్ర ఉంది అనడం అది. వాళ్ల వంశవృక్షం నిజమా కాదా అన్నది చరిత్రకారుల పని. వాళ్ల ఆకలి మాత్రం నిజం. అది గౌరవం కోసం ఆకలి.

ఆ దారిలో వాళ్లకు దొరికిన భాష హీబ్రూ. ఆ భాషలో సంతోషానికి ఏ మాటలున్నాయో చూద్దాం.

నడకకు సంబంధించిన మాట

మనలో చాలామంది ఇళ్లలో ఒకప్పుడు బైబిల్ చదివినవాళ్లమే. కీర్తనల గ్రంథం హీబ్రూలో మొదలయ్యే మాట 'అష్రే'. తెలుగు బైబిల్లో దానికి 'ధన్యుడు' అని పెట్టారు. మన 'ధన్య' అనే మాట 'ధనం' నుంచి పుట్టింది. ధనమున్నోడే ధన్యుడన్న పాత లోకం వాసన ఆ మాటలో ఉంది. 'అష్రే' అట్లా కాదు. దాని ధాతువుకు ముందుకు నడవడం, తిన్నగా అడుగు వెయ్యడం అనే అర్థముందని పండితులు చెప్తారు. అంటే సుఖం ఒక చోట కూర్చుని అనుభవించే వస్తువు కాదు. సరైన దారిలో నడిచేవాడి స్థితి అది.

ఆ ధాతువు నుంచే 'ఓషెర్' అనే మాట వచ్చింది. సుఖమని, ఆనందమని అర్థం. హీబ్రూలో ధనానికి కూడా 'ఓషెర్' అనే అంటారు. చెవికి రెండూ ఇంచుమించు ఒకటే. రాసేటప్పుడు మొదటి అక్షరం మాత్రం వేరు. పలికితే ఒకటి, రాస్తే రెండు. డబ్బునూ సుఖాన్నీ ఒకటే అనుకోవడం ఎంత సులువో, వాటిని విడదీసి చూడటానికి ఎంత చదువు కావాలో ఆ ఒక్క అక్షరం చెప్తుంది.

ఇప్పుడు మన మాటకు రండి. 'సుఖ', 'దుఃఖ' అనే మాటలు బండి నుంచి వచ్చాయని ఒక పాత వివరణ ఉంది. 'ఖ' అంటే రంధ్రం, చక్రం మధ్యన ఇరుసు కూర్చునే బెజ్జం. ఆ బెజ్జం సరిగ్గా ఉంటే సుఖం. వంకరగా ఉంటే దుఃఖం. ఎద్దులబండి తోలినోళ్లకు దీన్ని వివరించాల్సిన పని లేదు. ఇరుసు సరిగా కూర్చోని బండి ఒక్కటుంటే ఎద్దులకూ బాధ, తోలేవాడికీ బాధ, దానిమీద కూర్చున్న పిల్లలకూ బాధ.

చూడండి, ఎక్కడో పడమటి ఎడారుల్లో పుట్టిన మాట నడక గురించి చెప్తోంది. ఇక్కడ పుట్టిన మాట బండి గురించి చెప్తోంది. రెండూ దారికి సంబంధించిన మాటలే. బుద్ధుడు చెప్పింది కూడా మార్గమే కదా, అష్టాంగ మార్గం. దుఃఖం ఉందని ఆయన చెప్పింది బండిని వదిలేసి ఏడుస్తూ కూర్చోమని కాదు, ఇరుసు సరిచెయ్యమని. దుఃఖాన్ని గుర్తించడమూ, దాన్ని తొలగించడమూ ధమ్మానికి పునాది అని బాబాసాహెబ్ చెప్పారు. "మీది దుఃఖ మతం" అనేవాళ్లకు ఇదే జవాబు. రోగం పేరు చెప్పిన వైద్యుణ్ణి రోగాన్ని కోరేవాడని ఎవరంటారు?

తలుపులేసుకుని తినే పండగ

హీబ్రూలో ఇంకో మాట 'సిమ్‌ఖా'. సంతోషం, సంబరం అని అర్థం. పెళ్లి, బిడ్డ పుట్టిన వేడుక, ఇట్లాంటి శుభకార్యాన్ని కూడా సిమ్‌ఖా అనే పిలుస్తారు. ఇది ఒక్కడి మనసులో జరిగేది కాదు, నలుగురి మధ్య జరిగేది.

ద్వితీయోపదేశకాండంలో పండగల గురించి ఒక ఆజ్ఞ ఉంది. పండగ రోజు సంతోషించాలి. ఎవరితో? కొడుకు, కూతురితోనే కాదు. పనివాడు, పనిమనిషి, పరదేశి, తల్లిదండ్రులు లేని పిల్లలు, విధవరాలు, వీళ్లందరితో కలిసి. మీకు అనుమానం రావచ్చు. సంతోషించు అని ఎవరైనా ఆజ్ఞ ఇవ్వగలరా? నవ్వు రానివాణ్ణి నవ్వమంటే నవ్వుతాడా? ఇక్కడే వాళ్ల ఆలోచన లోతు కనిపిస్తుంది. సిమ్‌ఖా అంటే లోపల కలిగే భావం ఒక్కటే కాదు, చేతులతో చేసే పని. విస్తరి వెయ్యడం పని, పిలవడం పని, పక్కన కూర్చోబెట్టుకోవడం పని. పనిని ఆజ్ఞాపించవచ్చు. ఆ పని చేస్తే భావం వెనకాల వస్తుంది.

12వ శతాబ్దంలో మైమోనిడిస్ అనే గొప్ప యూదు పండితుడు ఉండేవాడు. స్పెయిన్‌లో పుట్టి, ఈజిప్టులో వైద్యుడిగా బతికాడు. ఆయన ఈ ఆజ్ఞను వివరిస్తూ కఠినమైన మాట అన్నాడు. పండగనాడు ఇంటి వాకిలి మూసుకుని, తాను, తన పెళ్లాం పిల్లలు మాత్రమే తిని తాగి, పేదలకు, బాధల్లో ఉన్నవాళ్లకు పెట్టకపోతే, దాన్ని పండగ సంతోషం అనకూడదు. అది కడుపు సంతోషం మాత్రమే అన్నాడు.

ఈ మాట మనకు కొత్తదా? కాదు. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్న కొద్ది చోట్లలో ఎర్రగుడి ఒకటి. మన రాయలసీమ గడ్డమీదే 2,200 ఏళ్లకు పైగా ఆ అక్షరాలున్నాయి. అందులో తొమ్మిదో శాసనం శుభకార్యాల గురించే. జబ్బు చేసినప్పుడు, పెళ్లిళ్లకు, బిడ్డ పుట్టినప్పుడు, ప్రయాణం కట్టినప్పుడు జనం రకరకాల మంగళకార్యాలు చేస్తారు, వాటివల్ల వచ్చే ఫలం కొంచెమే అంటాడు అశోకుడు. అసలైన మంగళం ధమ్మ మంగళం. అందులో మొదటిది ఏమిటో తెలుసా? దాసులతో, పనివాళ్లతో సరిగ్గా నడుచుకోవడం.

ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు. నీ సంతోషాన్ని కొలవాలంటే నీ ఇంటి ముగ్గును చూడొద్దు, నీ కింద పనిచేసేవాడి ముఖం చూడు.

కానీ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ పాత గ్రంథం బానిసను పండగకు పక్కన కూర్చోబెట్టుకోమంది, బానిసత్వాన్ని తీసెయ్యమనలేదు. అశోకుని శాసనమూ దాసులను బాగా చూడమంది, దాసులే ఉండకూడదనలేదు. బాబాసాహెబ్ అక్కడ ఆగలేదు. దయతో పెట్టిన అన్నం వేరు, హక్కుగా తిన్న అన్నం వేరు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం లేని చోట దయ ఎంతున్నా, అది పైవాడి సంతోషానికే పనికొస్తుంది.

విశ్రాంతి ఒక హక్కు

యూదుల విశ్రాంతి దినం గురించి కూడా ఈ కన్నుతోనే చూడాలి. వారంలో ఏడో రోజు ఎవరూ పని చెయ్యకూడదు. యజమానే కాదు, పనివాడు, పనిమనిషి, ఎద్దు, గాడిద కూడా. ఎందుకు? ఐగుప్తులో మీరూ బానిసలుగా ఉన్నారు కాబట్టి అని ద్వితీయోపదేశకాండం కారణం చెప్తుంది. సెలవు లేని బతుకు బానిస బతుకని, బానిసత్వం చూసినవాడికి తెలుసు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి పని గంటలను వారానికి 48కి తగ్గించారు. మనం ఆయన్ని రాజ్యాంగం రాసిన మనిషిగానే తలుచుకుంటాం. కూలివాడి సాయంత్రాన్ని అతని చేతికి తిరిగి ఇప్పించడానికి పనిచేసిన మనిషిగా కూడా తలుచుకోవాలి. పొద్దు గుంకినాక బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునే అరగంట తీరిక లేనివాడికి సుఖం మీద ఉపన్యాసం ఏం పనికొస్తుంది?

ముందు అన్నం, తర్వాత ధమ్మం

ఇప్పుడు కొందరు సుఖం అంతా మనసులోనే ఉందంటారు. కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయంటారు. ధ్యానం మంచిదే, బుద్ధుడు నేర్పిందే. కానీ బుద్ధుడు ఆకలితో ఉన్నవాడికి ముందు ధ్యానం చెప్పలేదు.

ధమ్మపదం అర్థకథలో ఒక కథ ఉంది. ఆళవి అనే పట్టణంలో ఒక పేద రైతు బుద్ధుని మాట వినాలని అనుకున్నాడు. ఆ రోజే అతని ఎద్దు తప్పిపోయింది. వెతికి వెతికి దాన్ని మందలో తోలేసి, ఆకలితో సొమ్మసిల్లుతూ వచ్చాడు. అతని కోసం బుద్ధుడు మాట మొదలుపెట్టకుండా కూర్చున్నాడు. రాగానే, ఇతనికి ముందు అన్నం పెట్టండి అన్నాడు. రైతు తిని తేరుకున్నాకే ధమ్మం చెప్పాడు. భిక్షువులకు ఇది వింతగా తోచి అడిగితే, ఆకలి అన్నిటికంటే పెద్ద రోగమని చెప్పాడు.

ఎద్దు తప్పిపోయిన రైతు బాధ మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి తెలియదు? ఎర్రగడ్డల ధర పడిపోయినప్పుడు, పసుపు అమ్మినా పెట్టుబడి రానప్పుడు, కేసీ కెనాల్‌లో నీళ్లు రాక నారుమళ్లు ఎండినప్పుడు, "మనసు ప్రశాంతంగా పెట్టుకో" అని చెప్పేవాడు బుద్ధుని శిష్యుడు కాడు. ముందు అన్నం పెట్టేవాడే ఆయన శిష్యుడు.

యూదుల పెద్దల మాటల్లో ఒకటి బాగా పేరుపడింది. తన వంతుతో తృప్తిపడేవాడే ధనవంతుడని దాని సారం. మాట బాగుంది. అయితే ఎవరు ఎవరికి చెప్తున్నారో చూసి తీసుకోవాలి. తనకు తాను చెప్పుకుంటే అది జ్ఞానం. దొర కూలివాడికి చెప్తే అది మోసం. మన తాతలకు వేల ఏళ్లు ఈ మాటే చెప్పారు. "నీ కర్మ ఇంతే, నీ తలరాత ఇంతే, తృప్తిగా ఉండు" అని. అందుకే బాబాసాహెబ్ 1950లో మహాబోధి పత్రికలో రాసిన వ్యాసంలో మతానికి ఉండాల్సిన లక్షణాలు చెప్తూ, పేదరికాన్ని పవిత్రమని పొగడకూడదన్నది కూడా ఒకటిగా చేర్చారు. తృప్తి దురాశకు మందు. అన్యాయానికి మందు కాదు.

అప్పులేని సుఖం

బుద్ధుడు గృహస్థుల సుఖాన్ని తక్కువ చెయ్యలేదు. అనాథపిండికునికి నాలుగు సుఖాలు చెప్పాడు. ఒకటి, కష్టపడి న్యాయంగా సంపాదించినది తనకు ఉందన్న సుఖం. రెండు, దాన్ని అనుభవించి, మంచి పనులకు ఖర్చు పెట్టే సుఖం. మూడు, అప్పు లేని సుఖం. నాలుగు, మాటలో, చేతలో, మనసులో నింద లేని సుఖం. మొదటి మూడూ కలిసినా నాలుగోదానిలో పదహారో వంతుకు రావన్నాడు.

అప్పు లేకపోవడాన్ని ఒక సుఖంగా లెక్కపెట్టిన గురువు మనవాడు. దీన్ని మన ఇళ్లకు అన్వయించుకుందాం. ఈ మధ్య మన వాడల్లో కూడా శుభకార్యాలు పెరిగినాయి. పిల్లకు చీర కట్టించే ఫంక్షన్, పంచెల ఫంక్షన్, గృహప్రవేశం, పుట్టినరోజు. ఫ్లెక్సీలు, డీజే, ఫంక్షన్ హాలు. తప్పేం లేదు. మనం కూడా మనుషులమే, మన పిల్లలకూ ఘనంగా చెయ్యాలని ఉంటుంది. వెయ్యేళ్లు చెప్పుల్లేకుండా నడిచినవాళ్లు ఒకరోజు గుర్రమెక్కి ఊరేగితే దాన్ని ఆడంబరం అని తీసిపారెయ్యలేం. అది ఆత్మగౌరవం కూడా.

కానీ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, ఏ ఊరివాళ్లకు చూపించాలని చేశామో ఆ ఊరివాళ్ల చేతిలోనే మళ్లీ ప్రామిసరీ నోటు పెడితే, మూడో సుఖం పోయింది. ఒక్క రాత్రి డీజే కోసం మూడేళ్లు అదే దొర పొలంలో తలొంచుకుని కూలికి పోవాల్సి వస్తే, ఆత్మగౌరవం కోసం చేసిన పనే ఆత్మగౌరవాన్ని తినేసింది. శుభకార్యం చేసే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ సంబరం తెల్లారినాక మనం ఎవరికి బాకీ ఉంటాం?

పాకను మరిచిపోని పండగ

యూదులకు 'సుక్కోత్' అని ఒక పండగ ఉంది. తెలుగు బైబిల్లో పర్ణశాలల పండగ అన్నారు. వాళ్ల పండగలన్నిటిలో సంతోషకాలం అని పేరు పెట్టుకున్నది దీనికే. ఆ సంతోషాన్ని ఎట్లా చేస్తారనుకున్నారు? మేడలున్నవాళ్లు కూడా బయట ఆకులతో, కొమ్మలతో ఒక పాక వేసుకుంటారు. ఏడు రోజులు అందులో తింటారు, కొందరు అందులోనే పడుకుంటారు. ఆ కప్పు సందుల్లోంచి నక్షత్రాలు కనబడాలని ఆచారం. బానిసత్వం నుంచి బయటపడి ఎడారిలో తిరిగిన రోజులు పిల్లలకు గుర్తుండాలని ఇది. ఆ పండగలోనే 'ప్రసంగి' గ్రంథం చదువుతారు. తెలుగు బైబిల్లో 'వ్యర్థం' అని మాటిమాటికీ వచ్చేచోట హీబ్రూలో ఉన్నది 'హెవెల్'. ఊపిరి, ఆవిరి అని దాని మొదటి అర్థం. సంతోషం నిండుగా ఉన్న వారంలో, ఇది కూడా ఆవిరేనని గుర్తుచేసుకోవడం. మన అనిత్యం వాళ్ల గుమ్మంలో కూడా నిలబడి ఉంది.

ఇప్పుడు మన సంగతి. మనలో చదువుకుని, రిజర్వేషన్ వల్ల ఉద్యోగం వచ్చి, కడపలోనో ప్రొద్దుటూరులోనో ఇల్లు కట్టుకున్నవాళ్లున్నారు. మంచిదే. కానీ ఎంతమంది తమ పిల్లలకు వాడను చూపించారు? అవ్వ తాతలు వంగి దూరిన బోద కొట్టం గురించి ఎంతమంది చెప్పారు? పక్కింటోళ్లకు తెలుస్తుందేమోనని ఇంట్లో బాబాసాహెబ్ పటాన్ని లోపలి గదిలో పెట్టుకున్న కుటుంబాలు లేవా? దాచిపెట్టుకున్న బతుకులో సుఖం ఉండదు, భయం ఉంటుంది. వాళ్లు పాకను పండగ చేసుకున్నారు. మనం పాకను దాచుకుంటున్నాం.

మనకూ తలుచుకోవాల్సిన రోజులున్నాయి. ఏప్రిల్ 14 ఉంది. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న అక్టోబర్ 14 ఉంది. 1985 జూలై 17 కారంచేడు ఉంది. 1991 ఆగస్టు 6 చుండూరు ఉంది. సంతోషపు రోజుల్లో ఆ దుఃఖపు రోజుల్ని ఎట్లా కలుపుకోవాలి? యూదుల పెళ్లిలో ఒక గాజు గ్లాసును కాలికింద పగలగొడతారు. 70వ సంవత్సరంలో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చినదాన్ని మరిచిపోకుండా ఉండేందుకని చెప్తారు. పెళ్లి ఆగదు, పాట ఆగదు. ఒక్క క్షణం గుర్తుచేసుకుని మళ్లీ సాగుతారు. మన మంగళకార్యాల్లో కూడా త్రిశరణం, పంచశీలం తర్వాత ఒక నిమిషం మౌనంగా ఆ చనిపోయినవాళ్లను తలుచుకుంటే సంతోషం తగ్గదు, బరువెక్కుతుంది.

శత్రువు పడితే నవ్వాలా?

ఇంకో ఆచారం మన సీమకు బాగా అవసరం. బానిసత్వం నుంచి విడుదలైనందుకు యూదులు పస్కా పండగ చేసుకుంటారు. ఐగుప్తువాళ్ల మీద పడ్డ పది తెగుళ్ల పేర్లు చెప్పేటప్పుడు, ఒక్కో పేరుకు ఒక్కో చుక్క ద్రాక్షరసం గిన్నెలోంచి తీసేస్తారు. మన విడుదల కోసం అవతలి మనుషులు కూడా చచ్చారు, కాబట్టి మన గిన్నె నిండుగా ఉండకూడదని దానికి అర్థం చెప్తారు. సముద్రంలో ఐగుప్తు సైన్యం మునుగుతుంటే దేవదూతలు పాడబోయారని, దేవుడు వాళ్లను మందలించాడని వాళ్ల పెద్దల కథ కూడా ఒకటుంది.

మనది ఫ్యాక్షన్ చూసిన నేల. అవతలివాడి ఇంట్లో శవం లేస్తే ఇవతల టపాకాయలు కాల్చిన రోజులు మన పెద్దలకు తెలుసు. ఆ కక్షల్లో ఎవరికోసమో కత్తి పట్టి చచ్చినవాళ్లలో మన వాడల పిల్లలూ ఉన్నారు. అణచినవాడి ఇల్లు కూలితే మనసులో ఒక నవ్వు పుడుతుంది. అది సహజం. కానీ అది సుఖం కాదు, పుండు గోక్కున్న హాయి. కాసేపటికి మంట ఎక్కువవుతుంది. నాజీలు యూదుల మీద చూపిన ద్వేషానికీ, సనాతనం అంటరానివారి మీద చూపిన ద్వేషానికీ తేడా లేదని బాబాసాహెబ్ రాశారు. అంత తెలిసిన మనిషి మనకు చూపించింది పగ దారి కాదు, మైత్రి దారి. న్యాయం కోసం కోర్టుకు పోదాం, రోడ్డెక్కుదాం, కేసు వదలొద్దు. శిక్ష పడితే న్యాయం జరిగిందని ఊపిరి పీల్చుకుందాం. ఇంకొకరి ఏడుపును మాత్రం పండగ చేసుకోవద్దు.

మనం విడిపోయే చోటు

యూదుల దగ్గర నేర్చుకోవాల్సినది చెప్పుకున్నాం. తేడా కూడా చెప్పుకోవాలి. వాళ్ల సంతోషం దేవుని ముందు సంతోషం. ఆజ్ఞ ఆయనది. మన ధమ్మంలో ఆజ్ఞ ఇచ్చే దేవుడు లేడు. మంచి నడక మంచిదని మనకు మనమే తెలుసుకుని నడవాలి. ఇది కష్టం. పెద్దవాడైన బిడ్డ బాధ్యత ఇట్లాగే ఉంటుంది.

రెండోది వంశం. బెనె ఎఫ్రాయిమ్ వాళ్లు తమ గౌరవాన్ని ఒక పాత గోత్రంలో వెతుక్కున్నారు. బుద్ధుడు మాత్రం పుట్టుకవల్ల ఎవరూ నీచుడు కాడని, పుట్టుకవల్ల ఎవరూ గొప్పవాడు కాడని చెప్పాడు. బాబాసాహెబ్ మన గతాన్ని వెతికి చూపించినా, నాగపూర్‌లో మన చేత చేయించింది ప్రతిజ్ఞలే, 22 ప్రతిజ్ఞలు. నువ్వెవరి కొడుకువన్నది కాదు, రేపటినుంచి ఎట్లా బతుకుతావన్నదే అందులో ప్రశ్న.

బానిసత్వం జ్ఞాపకం ఉన్నంత మాత్రాన మనుషులు న్యాయంగా మారిపోరు. ఇది ఏ జాతికైనా వర్తిస్తుంది. మనకు ముందు వర్తిస్తుంది. మాలవాడలో ధమ్మ సభ జరిగితే మాదిగవాడకు పిలుపు పోతోందా? మాదిగ ఉపాసకుని ఇంటి అన్నం మాల ఉపాసకుడు తింటున్నాడా? పిల్లను ఇస్తున్నాడా? అవతలి వాడలో పిల్లవాడికి ఉద్యోగం వస్తే మనకు నిజంగా సంతోషం కలుగుతోందా, కడుపులో ఏదో తిప్పినట్టు ఉంటోందా? బుద్ధుడు చెప్పిన ముదితకు పరీక్ష ఇక్కడే. ముదిత అంటే ఇతరుల సంతోషానికి సంతోషించడం. దూరపువాళ్ల విషయంలో ముదిత తేలిక. పక్కవాడి విషయంలోనే కష్టం. రిజర్వేషన్ వాటాల మీద వాదన ఉండొచ్చు, అది రాజ్యాంగబద్ధంగా తేల్చుకునే సంగతి. కానీ విస్తరి దగ్గర వాదన ఉండకూడదు. మాలవాడ తలుపులేసుకుని చేసిన బుద్ధ జయంతి, మాదిగవాడ తలుపులేసుకుని చేసిన బుద్ధ జయంతి, రెండూ కడుపు సంతోషాలే.

చెయ్యాల్సింది

ఒంటరిగా ఉన్న మనిషికి ధమ్మం అవసరం లేదని, ఇద్దరు మనుషులు కలిసి బతకాలంటేనే ధమ్మం కావాలని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో వివరించారు. సుఖమూ అంతే. కాబట్టి పిల్లలు "మనకు పండగేది?" అని అడిగితే చెప్పండి, మనకూ పండగుందని. వైశాఖ పున్నమి ఉంది, భీమ్ జయంతి ఉంది, దీక్షా దినం ఉంది. వాటిని ఎట్లా చెయ్యాలో కూడా వాళ్లతో కలిసి తేల్చుకోండి.

అప్పు చేసి చెయ్యొద్దు. ఉన్నదాంతో, సంగటో పులగమో, వండింది పంచుకుని చెయ్యండి. ఆ రోజు మీ దగ్గర పనిచేసేవాళ్లకు, ఇంట్లో ఆడవాళ్లకు కూడా సెలవు ఇవ్వండి. పదిమందికి వండి వండి పొయ్యి దగ్గర కూలబడే తల్లి ఉన్న ఇంట్లో పండగ సగమే జరిగినట్టు. మగపిల్లల చేత గిన్నెలు తోమించండి, అది కూడా పంచశీల పాఠమే. ఒక అవ్వను కూర్చోబెట్టి పాత వాడ కథ పిల్లలకు చెప్పించండి. పక్క వాడ నుంచి కనీసం ఒక్క కుటుంబాన్ని పిలిచి, పక్కన కూర్చుని తినండి. వాళ్లు పిలిస్తే పోండి.

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడితే కడపకు, ప్రొద్దుటూరుకు, బద్వేలుకు, నంద్యాలకు దారులు కనబడతాయి. ఏ బండి ఏ దారిన పోయినా ఇరుసు సరిగ్గా ఉంటేనే చేరుతుంది. మన ఇరుసు శీలం. నింద లేని బతుకే పెద్ద సుఖమని ఆయన అనాథపిండికునికి చెప్పింది అందుకే. అది ధనవంతునికి చెప్పిన మాటే అయినా, దాన్ని కొనడానికి డబ్బు అక్కర్లేదు. కూలికి పోయే తల్లి కూడా ఈ రాత్రే దాన్ని సంపాదించుకోవచ్చు.

చదివినాక ఈ పుస్తకాన్ని బీరువాలో పెట్టొద్దు. పక్క వాడలో ఒకరికి ఇవ్వండి, వాళ్లతో కూర్చుని మాట్లాడండి.

నమో బుద్ధాయ. జై భీమ్.